ఎకో రిపోర్టులో ఆ కొలత రాయండి

సంపాదకుడు గారికి,

గుండె జబ్బు అనగానే మనకు బ్లాకులు, స్టెంట్లే గుర్తొస్తాయి. మార్ఫాన్ సిండ్రోమ్ (శరీరంలో అవయవాలను పట్టి ఉంచే కణజాలం బలహీనంగా ఉండే జన్యు జబ్బు) ఉన్న కుటుంబాలకు గండం మరోచోట ఉంటుంది. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని, అదే అయోర్టా, గుండె దగ్గరి మొదలు భాగంలోనే ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా సాగుతుంది. చాలామందికి నొప్పి, ఆయాసం ఏమీ తెలియవు. గోడ చీలిందంటే మాత్రం ఆస్పత్రికి చేరే వ్యవధి కూడా దొరక్కపోవచ్చు. ఈ సాగుడును ముందే పట్టిచ్చేది 2డి ఎకో, అంటే గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. సూది లేదు, రేడియేషన్ లేదు.

మా అక్క కొడుక్కి ఏటా తీయిస్తున్నాం. ఒక ఏడాది రిపోర్టులో అయోర్టా మొదలు 38 మి.మీ. అని ఉంది. మరుసటి ఏడాది నగరంలోనే మరో చోట తీయిస్తే అదే గడిలో ‘నార్మల్’ అని టైపు చేసిచ్చారు. అడిగితే ‘‘ఈఎఫ్ (గుండె రక్తాన్ని పంప్ చేసే శాతం) 60 ఉంది కదండీ, టెన్షన్ ఎందుకు?’’ అన్నారు. గుండె బాగానే కొట్టుకుంటోంది, సంతోషం. ఆ 38 ఎంతయిందో ఎవరు చెప్పాలి? ఈ జబ్బులో మామూలుగా 50 మి.మీ.కు చేరితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఇంట్లో ఎవరికైనా ధమని చీలిన చరిత్ర ఉన్నా, సైజు వేగంగా పెరుగుతున్నా ఇంకా ముందే. పిల్లలకైతే ఎత్తు, బరువు కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అయినా రోగి వెంట వచ్చిన తమ్ముణ్ని, చెల్లెల్ని ‘మీరూ ఒకసారి తీయించుకోండి’ అనేవాళ్లు అరుదు. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో కుప్పకూలి చనిపోయాకే ఆమెకు మార్ఫాన్ ఉన్నట్టు బయటపడింది. తర్వాత ఆమె సోదరుడికి పరీక్ష చేస్తే అతనికీ అదే జబ్బు. ఆపరేషన్ చేశారు. పొడుగు పిల్లల్ని ఏరి వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడించే మా పీఈటీలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. పొడుగున్న ప్రతివాడికీ జబ్బని కాదు. బాగా సన్నగా ఉండటం, చేతివేళ్లు మరీ పొడుగ్గా ఉండటం, ఛాతీ ఎముక లోపలికో బయటికో వంగడం, కంటి లెన్స్ ఇబ్బంది, వీటిలో కొన్ని కలిసి కనిపించే పిల్లల్ని సెలెక్షన్లకు ముందు డాక్టరుకు చూపించాలి.

శ్రీకాకుళం నుంచి పాడేరు దాకా చాలామంది రోగులు విశాఖలోని ప్రభుత్వ ఆస్పత్రులైన కేజీహెచ్‌కు, విమ్స్‌కే వస్తారు. అందుకని ఈ మార్పు అక్కడే మొదలవ్వాలి. కొత్త మిషన్లు అడగడం లేదు. ఎకో ఫారంలో అయోర్టా మొదలు ఎన్ని మిల్లీమీటర్లు, రోగి ఎత్తు, బరువు, పోయినసారి కొలత అని గడులు పెట్టి, తప్పక నింపమని ఆరోగ్య శాఖ చెప్పాలి. ప్రైవేటు ల్యాబులకూ ఇదే వర్తింపజేయాలి. ఎకోలో ధమని మొత్తం కనిపించదు గనక సీటీ లేదా ఎంఆర్‌ఐ ఎప్పుడు అవసరమో కూడా డాక్టర్లు రోగికి చెప్పాలి.

ఫారం మారేలోగా ఈ కుటుంబాలకు ఒక మాట. వీలైనంత వరకు ఒకే చోట తీయించుకోండి. పాత రిపోర్టు స్కానింగ్ గదిలోకి వెళ్లేటప్పుడే చేతికివ్వండి, కొలత రాసిందాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు.

– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం