చిన్నాకి

చిన్నా,

అమ్మ ఆవకాయ, కందిపొడి ప్యాక్ చేసింది, రేపు పోస్ట్ చేస్తాను. బుజ్జి కొత్త ఇంటికి మారింది. ఇక్కడ పెన్సిల్వేనియాలో ఆకులు రాలడం మొదలైంది, రోజూ ఊడ్చినా తరగడం లేదు.

మూడు వారాలైంది నువ్వు ఫోన్ చేసి. నీ ఎడమ చేతికి కట్టు ఉన్న ఫోటో చూశానని మొన్న గుడిలో చిన్నత్త అంది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

విస్కాన్సిన్‌లో విల్లు సీజన్ నడుస్తోంది కదా. వేటకి వెళ్ళొద్దని అనను, నీకు విల్లు పట్టడం నేర్పింది నేనే. ఒక్కటే అడుగుతున్నాను, నీ అమ్ములపొదిలో, అదే క్వివర్‌లో, బాణాల మొనలు గుచ్చే ఫోమ్ మార్చి ఎన్నాళ్ళయింది?

2009 అక్టోబర్‌లో నా క్వివర్‌ది మూడు సీజన్ల పాత ఫోమ్. బ్రాడ్‌హెడ్లు, అంటే బ్లేళ్ళున్న బాణం మొనలు, గుచ్చీ తీసీ ఒక్కో కన్నం వేలు దూరేంత అయింది. కాడల్ని పట్టే రబ్బరు కూడా వదులైంది. అయినా ఈ సీజన్‌కి చాల్లే అనుకున్నాను. ఆ సాయంత్రం చెట్టుకి కట్టిన స్టాండ్ మీద నుంచి విల్లుని తాడుతో జాగ్రత్తగా దించి, నేనూ దిగి, ట్రక్కు దాకా నడిచాను. ఆ కుదుపులకి ఒక బాణం కిందికి జారి, మొనల్ని కప్పి ఉంచే హుడ్ అంచు దాటి దాని మొన బయటికి వచ్చేసింది. చీకట్లో చూసుకోలేదు. విల్లు వెనక సీట్లో పెట్టబోతూ అక్కడే చెయ్యి వేశాను. నొప్పి తెలియలేదు, గ్లవ్ లోపల వెచ్చగా తడి తెలిసింది. బొటనవేలి మొదట్లో 7 కుట్లు. నువ్వప్పుడు రెండో క్లాసు. ఆ రాత్రి నేను వచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నావు, గుర్తుందా?

బ్రాడ్‌హెడ్ బరువు 100 గ్రెయిన్లు, ఆరున్నర గ్రాములు. అంతే. కానీ జింక పక్కటెముకల్లోంచి దూసుకుపోయేలా పదును పెట్టిన వస్తువు, మన చెయ్యని తెలియదు దానికి. బాణం పెట్టేటప్పుడు బ్లేళ్ళు పాత గాట్లలోనే పడేలా చూసుకో. తీసేటప్పుడు కాడ పట్టుకుని తిన్నగా లాగు, తిప్పకు. తిప్పితే ఫోమ్ చీలిపోతుంది. వానలో తడిస్తే ఆ రాత్రే బాణాలు బయటికి తీసి తుడిచి, బ్లేళ్ళకి ఒక చుక్క నూనె రాయి. తడి ఫోమ్‌లో వదిలేస్తే తుప్పు పడుతుంది. మడత బ్లేళ్ళవైతే ఫోమ్‌లోకి గట్టిగా నొక్కకు, లోపలే విచ్చుకుంటాయి. బ్రాడ్‌హెడ్ బిగించేటప్పుడు రెంచ్ వాడు. నీకు చేత్తోనే తిప్పే అలవాటుంది, నేను చూశాను. కట్టు అందుకేనా?

పార్సిల్‌లో కొత్త ఫోమ్ కూడా పెట్టాను, నీ హుడ్ కొలతకి కోసి. ఆవకాయ నూనె అంటకుండా రెండు కవర్లు చుట్టాను. రాగానే మార్చు. టెటనస్ ఇంజెక్షన్ చేయించుకున్నావా లేదా రాయి.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు ఎడమ చెయ్యి కట్టు విప్పి నాకు చూపించు.

నాన్న