బ్రాడీపేటలో మాకు తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

అన్నయ్య భోజనం విషయంలో ఈ కొద్ది నెలలుగా సాయం చేసినవారికి ఇక్కడ నా కృతజ్ఞతలు. పేర్లు రాయవద్దని ముందే షరతు పెట్టారు కనుక వరసలతోనే పిలుస్తాను.

విషయం తెలియనివారికి: అన్నయ్య నార్త్ కరోలినాలో ఉండగా లోన్ స్టార్ అనే గోమారి కుట్టడంతో ఆల్ఫా-గాల్ అలర్జీ వచ్చింది. ఆల్ఫా-గాల్ అంటే మేక, పంది వంటి క్షీరదాల మాంసంలో ఉండే ఒక రకం చక్కెర. మేక, గొర్రె, పంది, గొడ్డు మాంసం ఏదీ పడదు. కోడి, చేప, గుడ్డు పడతాయి. తిన్న 2 నుంచి 6 గంటల తర్వాత గానీ దద్దుర్లు, ఆయాసం మొదలుకావు. రాత్రి తిన్నది అర్ధరాత్రి దాటాక బయటపడుతుంది. ఈ అలర్జీ ఉన్న అందరికీ కాకపోయినా, అన్నయ్యకు పాలు, నెయ్యి కూడా పడవు.

మటన్ మానేస్తే సరిపోదా అంటారు బంధువులు. మటన్ మానడమే అన్నింటికన్నా తేలిక!

మా వీధి కిరాణా కొట్టు బాబాయిగారూ, ప్రతి ప్యాకెట్టూ తిప్పి చదువుతూ దారికి అడ్డంగా నిలబడినా మీరు విసుక్కోలేదు. పైగా భూతద్దం తెప్పించి గల్లాపెట్టె పక్కన పెట్టారు. ఆ అక్షరాలు అంత చిన్నగా అచ్చువేసేవారిని ఏమనాలో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన ఎదురింటి పిన్నిగారికి మరీ రుణపడ్డాం. ఆకుపచ్చ గుర్తు చూసి నిశ్చింతగా ఉండవద్దని చెప్పింది ఆవిడే. పాల పదార్థాలున్నా ఆ గుర్తు వేయవచ్చు. చిక్కదనానికి కలిపే, సముద్రపు నాచునుంచి తీసే క్యారజీనన్‌కూ ఆకుపచ్చే, కానీ ఆల్ఫా-గాల్ అందులోనూ ఉంటుంది. ప్యాకెట్టు మీద 407 అని అంకె మాత్రమే కనిపించవచ్చు. జంతువుల చర్మం, ఎముకలనుంచి తీసే జెలటిన్ అయితే 428. మరోపక్క, గుడ్డు తప్ప మరే మాంసాహారమూ లేని బిస్కెట్టుకూ గోధుమరంగు త్రికోణం పడుతుంది, అందులో పాలు, నెయ్యి లాంటివి లేకపోతే అన్నయ్య తినవచ్చు. పాలు, గుడ్డు, చేప, వేరుశనగ ఉంటే అలర్జీ హెచ్చరికగా విడిగా రాయాలన్న నిబంధన ఉంది, మేకమాంసానికి లేదు. అందుకే ‘ఫ్లేవర్’ అని మాత్రమే రాసి వదిలేసినచోట పిన్నిగారే కంపెనీకి ఫోన్ చేసి, అది దేనినుంచి తీశారో చెప్పేదాకా పెట్టేయరు. పాఠం అప్పజెప్పని విద్యార్థిని వదలని గొంతు అది.

మందుల షాపు తమ్ముడూ, క్యాప్సూల్ తొడుగు సాధారణంగా జెలటిన్‌తోనే చేస్తారని నువ్వు చెప్పకపోతే మాకు తట్టేది కాదు. చీటీలో క్యాప్సూల్ కనిపించినప్పుడల్లా డాక్టరుగారిని అడిగి మాత్ర రూపంలోనో, మొక్కల సెల్యులోజ్ తొడుగుతోనో తెప్పిస్తున్నావు.

ఈ ఆదివారం సాయంత్రం మేనకోడలి పుట్టినరోజు. ముగ్గురూ తప్పక రావాలి. కేకులో గుడ్లున్నాయి, వెన్న బదులు నూనె వేయించాం. పిన్నిగారూ, గుడ్డు లేని మైసూర్‌పాక్ మీకు విడిగా ఉంటుంది.