సందు మా మూలల్లోనా, మీ సంచిలోనా? శిక్షణాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చేతివృత్తుల శిక్షణాధికారి గారికి నమస్కారములు.

మేము చేసే చెక్క పెట్టెల మూలల్లో పడే సందు విషయమై పెట్టుకున్న అర్జీలకు "పరిశీలనలో ఉన్నది" అన్న జవాబు తప్ప మరొకటి రానందున, ఈసారి అందరి ఎదుటా రాయవలసి వచ్చింది.

మూలల్లో సందు ఉన్నదని మీ తనిఖీదారులు మా పెట్టెలను తిప్పి పంపుతున్నారు. ఉన్న మాట నిజమే. కానీ మీరిచ్చిన పనిముట్ల సంచిలోని మైటర్ బాక్సు (పలక చివరను ఏటవాలుగా కోయడానికి రంపాన్ని గాడిలో నడిపే చట్రం) గాడి రంపం కంటే వెడల్పుగా ఉండి, కోస్తున్నంతసేపూ రంపం అటూ ఇటూ ఊగుతుంది. పెట్టెకు నాలుగు మూలలు, మూలకు రెండేసి పలకల చివరలు, వెరసి ఎనిమిది కోతలు. ఒక్కొక్క కోత 45 డిగ్రీలకు అర డిగ్రీ చొప్పున ఒకే వైపుకు తప్పినా, మూడు మూలలు బిగించేసరికి ఆ తప్పంతా నాలుగో మూలలో 4 డిగ్రీలై తేలుతుంది. 6 మిల్లీమీటర్ల పలకలో అది అర మిల్లీమీటరు దాటిన సందు.

ఇక ఆ రంపం దూలాలు కోయడానికి తగినది. చాకుతో గీత గాటు పెట్టి, కింద పనికిరాని చెక్క ఆనించి కోసినా, ఏటవాలు కోతలో కత్తివాదరలా పలుచబడే బయటి అంచు చిట్లక మానదు.

గీతకు వెంట్రుకవాసి ఎడంగా కోసి, షూటింగ్ బోర్డు (పలకను కదలకుండా ఆనించి, పక్కన చిత్రికను తోసే బల్ల) మీద పదునైన చిత్రికతో కోసిన ముఖం సరిచేయాలని, ఎదురెదురు పలకలను జతగా ఆనించి పొడవు చూడాలని మీ బోధకులే నేర్పారు. చక్కని బోధ. బోర్డు మేమే చేసుకున్నాము. చిత్రిక ఇవ్వకుండా దాని మీద ఏమి తోయాలో తమరే సెలవివ్వండి. బదులుగా ఇచ్చిన గరుకు కాగితంతో చేత్తో రుద్దితే ముఖం గుండ్రబడి సందు ఇంకా పెరుగుతున్నది.

రంపపు పొట్టులో జిగురు కలిపి నింపమని ఒక తనిఖీదారు గారి సలహా. అడ్డంగా కోసిన ముఖం జిగురును పీల్చేస్తుంది కనుకనే ముందొక పలుచని పూత వేసి, ఆపైన మళ్లీ పూస్తాము. ముఖాలు ఒకదానికొకటి ఆననప్పుడు ఆ జిగురు దేనిని పట్టుకోవాలి? పాలిష్ పడగానే ఆ పూడిక మచ్చలా బయటపడుతుంది, మళ్లీ తిరస్కరించేదీ మీ వారే.

దయచేసి వీపున ఇనుప పట్టీ ఉన్న సన్నపళ్ల రంపం, చిన్న చిత్రిక, కోణం తప్పని మూలమట్టం ఇప్పించండి. కుదరదంటే, మీ సంచితోనే మా ఎదుట ఒక్క పెట్టె చేయించి చూపండి. అంతవరకు తిరస్కరించిన పెట్టెలను మా ఖాతాలో కాక, సంచుల కొనుగోలు ఖాతాలో రాయించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు
తమ విధేయుడు,
పెట్టెలు చేసే ఒక పనివాడు