రెట్టింపు స్పీడ్ అన్నారు, నాకు దక్కింది రెండు నిమిషాలు

కస్టమర్ కేర్ వారికి,

నమస్తే. హనుమకొండలో నాదో చిన్న ఎడిటింగ్ స్టూడియో, పెళ్లి వీడియోలే ఎక్కువ. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగాక, పెండింగ్ పనంతా ఇప్పుడు లాగేద్దామని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి మీ కంపెనీ ఆర్‌టిఎక్స్ 5080 గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకున్నా. బిల్లు 1,38,000 రూపాయలు. ఈ చిప్ ఉన్న కార్డులు 2025 జనవరిలో వచ్చినప్పుడు మన దేశంలో చెప్పిన ప్రారంభ ధర 1,07,000. పైన పడిన 31 వేలు మీ మూడు ఫ్యాన్లకి, రంగుల లైట్లకి, పెట్టె మీద ఓసీ (ఓవర్‌క్లాక్, అంటే స్పీడ్ కాస్త పెంచి ఇచ్చింది) అన్న రెండక్షరాలకి అయ్యుంటాయి. ఆ సంగతి తెలిసే ఇచ్చాను కాబట్టి దాని మీద గొడవ పడను.

నా గొడవ మీ వెబ్‌సైట్‌లో పెట్టిన మాట గురించి. "4080 కంటే రెట్టింపు పెర్ఫార్మెన్స్" అని, అంటే దీని ముందు తరం కార్డు కంటే అని, పేజీ నిండా రాశారు. ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, మల్టీ ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేసి గేముల్లో కొలిచామని ఉంది. ఇది నేను కొన్నాక చదివాను, అది నా తప్పే, ఒప్పుకుంటా. కానీ అదే పేజీలో పక్కన యానిమేషన్ చేసే బ్లెండర్ బొమ్మ, వీడియో ఎడిటింగ్ చేసే డావిన్చీ రిజాల్వ్ బొమ్మ ఎందుకు పెట్టారండీ? వాటికి ఈ ఫ్రేమ్ జనరేషన్‌తో ఏం సంబంధం? కార్డు నిజంగా గీసే ఫ్రేము ఒకటైతే, మధ్యలో మూడు దాకా ఏఐ ఊహించి పెడుతుంది, అందుకే గేములో నంబర్ అలా పెరుగుతుంది. గ్లాసు పెరుగులో మూడు గ్లాసుల నీళ్లు పోసి మజ్జిగ చేసినట్టన్నమాట. ఎండలో తాగడానికి బాగానే ఉంటుంది, పెరుగన్నంలోకి వేసుకోమంటేనే కష్టం. నా రెండర్లకి, అంటే ఎడిట్ చేసిందాన్ని ఫైనల్ వీడియోగా తీసే పనికి, కావాల్సింది పెరుగు.

అనుమానం తీరక నేనే ఒక పరీక్ష చేశా. కాజీపేటలో నా ఫ్రెండ్ దగ్గర 4080 సూపర్ ఉంది, 4080కే కాస్త మెరుగైన రకం. పెళ్లి టైటిల్ యానిమేషన్ ఒకటి, అదే ఫైలు, అవే సెట్టింగులు, ఇద్దరం రెండర్ పెట్టాం. అతనికి 22 నిమిషాలు, నాకు 20. తర్వాత స్పెక్స్ చూస్తే ఇందులో వింతేం లేదని అర్థమైంది. అతని కార్డులో లెక్కలు చేసే క్యూడా (CUDA) కోర్లు 10,240, నా దాంట్లో 10,752. మెమరీ అతనికీ 16 జీబీనే, నాకూ 16 జీబీనే. నాది జీడీడీఆర్7 అనే కొత్త రకం మెమరీ, డేటా త్వరగా కదులుతుంది, అంతవరకు నిజం. కరెంటు మాత్రం అతని కార్డు 320 వాట్స్ తింటే నాది 360. రెట్టింపు ఎక్కడుందో మీరే చూపించాలి.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. అంతకుముందు నా దగ్గర ఉన్నది 3080, దాని మీద చూస్తే రెండర్ టైమ్ సగానికి దగ్గరగా తగ్గింది. ఇంకా పెద్ద లాభం ఏంటంటే, మా కెమెరాల్లో వచ్చే 4:2:2 10 బిట్ వీడియోని (రంగుల వివరం ఎక్కువుండే బరువైన ఫార్మాట్) ఈ కార్డు నేరుగా డీకోడ్ చేస్తుంది, పాత కార్డుకి అది చేతకాదు. తలంబ్రాల దగ్గర నాలుగు కెమెరాల ఫుటేజ్ టైమ్‌లైన్ మీద పెడితే ఇదివరకు మెషీన్ నిక్కి నీలిగేది, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి కాపీలు) చేసుకుని రాత్రంతా కూర్చునేవాణ్ణి. ఇప్పుడా బాధ లేదు. మరి నాలాంటివాడు డబ్బు పెట్టడానికి అసలు కారణం ఇదైతే, మీ పేజీలో దీని గురించి ఒక్క లైను లేదు! 3080 నుంచి వచ్చేవాడికి, అదీ 4:2:2 షూట్ చేసేవాడికి ఈ కార్డు పనికొస్తుంది. 4080 ఉన్నవాడు మాత్రం మీ "రెట్టింపు" చదివి లక్షన్నర దాకా తగలేస్తే ఏడుస్తాడు.

ఇక అసలు నష్టం. స్పెక్స్‌లో పవర్ సప్లయ్ 750 వాట్స్ చాలు అని మీరే రాశారు. నా దగ్గర 750 ఉంది కదా అని ధైర్యంగా కొన్నా. మొదటి వారంలోనే రెండర్ మధ్యలో రెండుసార్లు సిస్టమ్ ఠప్పున ఆగిపోయింది, రెండోసారి ఓ పార్టీకి మర్నాడు ఇవ్వాల్సిన వీడియో ఉంది, నా టెన్షన్ మీకేం తెలుసు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "850 కావాలి సార్, పెట్టె మీద ఉంది కదా" అన్నారు. ఉంది నిజమే. పెట్టె చూసేది కొన్నాక కదా, కొనేముందు చూసేది వెబ్‌సైటే కదా? కొత్త పవర్ సప్లయ్‌కి 11,400 అయింది. అది మార్చాక ఇప్పటిదాకా మళ్లీ ఆగలేదు, అంటే తప్పు ఎక్కడుందో తేలిపోయింది.

మీ వాళ్లకి మూడు మెయిల్స్ పెట్టాను. మూడింటికీ ఒకటే జవాబు, డ్రైవర్ అప్‌డేట్ చేయండి అని. పవర్ చాలకపోతే డ్రైవర్ ఏం చేస్తుందో నాకైతే అర్థం కాలేదు.

కార్డు వెనక్కి తీసుకోమని అడగట్లేదు, నా పనికి కావాలి. ఆ 11,400 ఇవ్వండి, పేజీలో 750ని 850 చేయండి, బ్లెండర్ బొమ్మ పక్కన ఉన్న రెట్టింపు మాట తీసేయండి. పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లయింట్ పెట్టి, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటన అంటే ఏంటో స్పష్టంగానే రాసుంది.

రెండు బిల్లులు, మీ పేజీ స్క్రీన్‌షాట్లు, పెట్టె ఫొటో, రెండు రెండర్ల టైమ్ కనిపించే వీడియో జతచేశాను. ఈసారి డ్రైవర్ అప్‌డేట్ చేయమని మాత్రం రాయకండి, చేసేశాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి మీ కస్టమర్