వైమానిక దళానికీ ఉద్యోగస్తుల దళం కావాలి
ఉద్యోగం చేసుకుంటూనే ఏడాదిలో కొన్ని వారాలు వైమానిక దళంలో పనిచేసే వీలు మన పౌరులకు లేకపోవడం పెద్ద లోటు. సైన్యానికి 1949 నుంచి ఇలా పనిచేసే టెరిటోరియల్ ఆర్మీ ఉంది. వైమానిక దళానికీ అలాంటి సహాయక దళం కోసం 1952లోనే పార్లమెంటు చట్టం చేసింది, కానీ ఉద్యోగస్తులు చేరడానికి నేడు ఆ దళమే లేదు. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ బాధ్యత చూసినవాణ్ణి. ఎన్‌సీసీలో అత్యున్నతమైన ‘సీ’ సర్టిఫికెట్ తెచ్చుకుని, సైనిక అధికారులను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూలో నెగ్గలేక సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన నా విద్యార్థులు ఇప్పటికీ ‘సార్, ఇంకే దారీ లేదా?’ అని అడుగుతుంటారు. టెరిటోరియల్ ఆర్మీలో చేరిన ఒకరికైతే శిక్షణ రోజులకు కంపెనీ జీతం కోసింది. అమెరికాలో వైమానిక రిజర్విస్టు సాధారణంగా నెలకో వారాంతం, ఏడాదికి రెండు వారాలు పనిచేస్తాడు; అతని ఉద్యోగానికి 1994 నాటి చట్టం రక్షణ. మనకిది మరీ అవసరం. నాలుగేళ్ల సర్వీసు కోసం వైమానిక దళంలో 2022 డిసెంబరులో చేరిన తొలి అగ్నివీర్ వాయు బ్యాచ్‌కు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. శాశ్వత సర్వీసులోకి తీసుకునేది 25 శాతం వరకే. విమానాల నిర్వహణ, రాడార్, సమాచార వ్యవస్థల పని నేర్చిన మిగతావాళ్ల నైపుణ్యం ఏమైపోవాలి? రక్షణ శాఖ ఆ సహాయక దళాన్ని పునరుద్ధరించి, తొలి అవకాశం వీళ్లకూ ‘సీ’ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకూ ఇవ్వాలి. వైమానిక స్థావరాలూ విమాన విడిభాగాల పరిశ్రమలూ ఉన్న హైదరాబాద్‌లో మొదటి యూనిట్ పెట్టవచ్చు. శిక్షణ రోజులకు ప్రైవేటు సంస్థలు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని, ఆ ఖర్చులో కొంత కేంద్రం భరించాలని నిబంధన తేవాలి.
– విశ్రాంత అధ్యాపకుడు, సికింద్రాబాద్