చెవి తర్ఫీదును తెర వెనుకే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఖరీదైన ఆడియో పరికరాల గురించి వచ్చిన వ్యాసం చదివాను. కేబుల్ మార్చగానే గాయకుడి గొంతు తేటపడుతుందని, ఆ తేడా వినిపించనివారికి చెవి తర్ఫీదు లేదని అందులో రాశారు. చెవికి తర్ఫీదు ఉంటుందని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ని కనుకనే, ఆ మాటను ఏ పరీక్షకూ నిలబెట్టకుండా సరుకుకు సిఫారసుగా వాడడం నాకు బాధ కలిగించింది.

చిన్నప్పుడు నాకు వీణ నేర్పిన గురువుగారు మమ్మల్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ఒక స్వరం మీటి, అదేమిటో చెప్పమనేవారు. మెట్ల మీద ఆయన వేలు ఎక్కడుందో కనబడితే స్వరజ్ఞానం ఉన్నదీ లేనిదీ తేలదు కదా. మొదట్లో శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ తేడా పట్టలేకపోయిన పిల్లలు ఏడాది తిరిగేసరికి గోడవైపు చూస్తూనే తడుముకోకుండా చెప్పేవారు. నలభై ఏళ్లుగా చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీలు వింటున్న నాకు, తర్ఫీదు అంటే ఇప్పటికీ అదే.

నిరుడు మా అల్లుడు జూబ్లీహిల్స్‌లోని ఒక దుకాణంలో నలభై వేల రూపాయల స్పీకర్ కేబుల్ కొన్నాడు. అక్కడ విన్నప్పుడు తేడా మా ఇద్దరికీ స్పష్టంగా తెలిసింది. ఇంటికి వచ్చాక, కోఠీలో మీటర్ల లెక్కన కొన్న రాగి తీగతో దాన్ని పోల్చి చూశాం. శబ్దం రవ్వంత పెరిగినా అది పెరిగినట్టు కాక బాగున్నట్టు తోస్తుంది కనుక, ముందుగా స్పీకర్ల దగ్గర వోల్టేజీని మల్టీమీటరుతో కొలిచి రెండింటికీ సమానం చేశాం. ఇలాంటి పోలికలలో తేడా 0.1 డెసిబెల్ దాటకూడదంటారు. మా అమ్మాయి తెర వెనుక నాణెం ఎగరేసి, పడినదాన్ని బట్టి తీగ తగిలించి, పుస్తకంలో రాసుకుంది; మోగుతున్నది ఏ తీగో మేం చెప్పాలి. 16 సార్లలో మా అల్లుడికి 9, నాకు 7 సరిపోయాయి. కేవలం ఊహతో 12 లేదా అంతకు మించి సరిపోవడం నూటికి నాలుగు సార్లు కూడా జరగదు. మేమిద్దరం ఆ దరిదాపులకు కూడా వెళ్లలేదు.

అయితే దీన్నిబట్టి ఈ తేడాలన్నీ భ్రమేనని తేల్చేవారితోనూ నేను ఏకీభవించను. అదే గదిలో ఒక ఘటం తనియావర్తనాన్ని (కచేరీలో తాళవాద్యం విడిగా మోగే భాగాన్ని) సీడీ నుంచీ, 128 కిలోబిట్ల ఎంపీ3 నుంచీ విన్నప్పుడు మొదటి రోజు నాకు 9 మాత్రమే సరిపోయాయి. మూడు వారాలు రోజూ రాత్రి కూర్చుని, ఎక్కడ వినాలో నేర్చుకున్నాను. ఎంపీ3 శబ్దాన్ని ముక్కలుగా కోసి కుదిస్తుంది. ఆ కుదింపులో పుట్టే రొద ఆ ముక్క అంతటా పరుచుకుని, దెబ్బ పడడానికి ముందే ఇసుక జారినట్టు వినిపిస్తుంది. అది ఒకసారి పట్టుబడ్డాక 16కు 14 సరిపోయాయి. నా చెవి మెరుగుపడిందని నేను చెప్పుకోనక్కరలేదు, మా అమ్మాయి పుస్తకంలో ఉంది.

పెద్ద పరిశోధనలలోనూ ఈ రెండు సంగతులూ కనిపిస్తాయి. సీడీ ప్రమాణానికి మించిన రికార్డింగులను సీడీ స్థాయికి తగ్గించి పోల్చిన 2007 నాటి అమెరికా పరీక్షలో 554 ప్రయత్నాలకు 276 మాత్రమే, అంటే ఊహతో వచ్చే సగమే, సరి అయ్యాయి. అలాంటి 18 పరిశోధనలను కలిపి లెక్కించిన 2016 నాటి లండన్ పరిశీలనలో మొత్తం మీద 52.3 శాతమే సరిపోయినా, తర్ఫీదు ఇచ్చాక విన్నవారిలో అది సుమారు 60 శాతానికి చేరింది. తర్ఫీదు ఫలం ఉన్నది, చిన్నది, కొలవదగినది.

స్పీకర్ల విషయం వేరు. హర్మాన్ సంస్థ శాస్త్రవేత్త షాన్ ఆలివ్ 2003లో ప్రచురించిన పరీక్షలలో 268 మంది తెర చాటు స్పీకర్లను విన్నారు. తర్ఫీదు ఉన్నవారూ లేనివారూ దాదాపు ఒకే వరుసలో వాటిని మెచ్చారు; తర్ఫీదు ఉన్నవారి తీర్పు మరింత నిలకడగా ఉంది. నున్నటి బండల నేల, పెద్ద అద్దాల కిటికీలు ఉండే మన ఫ్లాట్లలో మందపాటి తివాచీ, బరువైన పరదాలు తెచ్చే మార్పుకైతే ఏ తర్ఫీదూ అక్కరలేదు. కొత్తగా కొనేవారు డబ్బు అక్కడ పెట్టుకుంటే మేలని నా అభిప్రాయం.

కనుక ఇకమీదట పరికరాల సమీక్షలు ప్రచురించేటప్పుడు, సమీక్షకుడు వాటిని చూస్తూ విన్నారా, తెర చాటున విన్నారా, శబ్దస్థాయి సమానం చేశారా, ఎన్నిసార్లకు ఎన్ని సరిపోయాయి అన్న వివరాలను వ్యాసం చివర రెండు పంక్తులలో ముద్రించవలసిందిగా కోరుతున్నాను. చూస్తూ విన్నారని రాసినా చాలు, దానికి ఎంత విలువ ఇవ్వాలో పాఠకులు నిర్ణయించుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లకుంట, హైదరాబాద్.