‘కుర్దు ఉగ్రవాదులు’ అన్న ఆ రెండు మాటల గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

మెట్‌పల్లి బస్టాండు దగ్గర నాకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. పొద్దున మీ పేపర్ ముందు నేను చదివి బల్ల మీద పెడితే మధ్యాహ్నానికి ముప్పై మంది చేతులు మారుతుంది. చివరికి సాంబారు మరకలతో మళ్లీ నా దగ్గరికే వస్తుంది. 20 ఏళ్లుగా ఇదే పేపర్. మధ్యలో మూడున్నరేళ్లు మాత్రం చదవలేదు. ఆ మూడున్నరేళ్లు నేను ఇరాక్‌లో, కుర్దుల నగరం ఎర్బిల్‌లో ఉన్నాను.

మొన్న విదేశీ వార్తల పేజీలో అడుగున ఒక చిన్న వార్త వేశారు. ఇరాక్‌లో కుర్దు ఉగ్రవాదులు ఆయుధాలు తగలబెట్టారు, ఇది టర్కీకి విజయం అని. అంతా కలిపితే ఆరు లైన్లు. అది చదివి ఒక ఆర్టీసీ డ్రైవర్ నన్ను అడిగాడు: ‘‘అన్నా, కుర్దులంటే గా ఐసిస్ వాళ్లేనా?’’ నా చేతిలో పూరీ గరిటె అట్లనే ఆగిపోయింది. ఐసిస్‌తో కొట్లాడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లను తీసుకెళ్లి ఐసిస్‌లో కలిపేశాడాయన. తప్పు ఆయనది కాదు. మీ ఆరు లైన్లు చదివితే ఎవరికైనా అట్లనే అనిపిస్తుంది.

ఆయుధాలు తగలబెట్టింది పీకేకే, అంటే కుర్దిస్తాన్ వర్కర్స్ పార్టీ. 1978లో టర్కీలో పుట్టింది, 1984 ఆగస్టులో తుపాకీ పట్టింది. టర్కీతో పాటు అమెరికా, యూరోపియన్ యూనియన్ కూడా దాన్ని ఉగ్రవాద సంస్థల జాబితాలో పెట్టాయి. కాబట్టి ఆ మాట వాడినందుకు నేను తగువు పెట్టుకోను. కానీ కుర్దులంటే ఒక సంస్థ కాదు. టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియా నాలుగు దేశాల్లో కలిపి 3 నుంచి 4 కోట్ల దాకా ఉంటారు. ఇంచుమించు మన తెలంగాణ అంత జనం. 1978లోనే మా జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది, ఆ వెంటనే కల్లోలిత ప్రాంతమని ప్రకటించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు మా తాలూకా పేరు చెబితే హైదరాబాద్‌లో అద్దెకు గది కూడా ఇవ్వలేదని మా నాన్న చెప్పేవాడు. అప్పటి పేపర్లు కూడా నక్సలైట్లని రాశాయి గానీ ‘జగిత్యాల ఉగ్రవాదులు’ అని రాయలేదు. ఆ పాటి జాగ్రత్త ఇక్కడ కూడా ఉంటే బాగుండేది.

నేను 2014 ఆఖర్లో ఎర్బిల్ వెళ్లాను. హోటల్‌లో వంట పని, జీతం బాగుంటుంది అని చెప్పి ఒక ఏజెంటు లక్షన్నర తీసుకున్నాడు. విజిట్ వీసా మీద పంపించాడని అక్కడ దిగాక తెలిసింది. మా నిజామాబాద్, కరీంనగర్, నిర్మల్ వాళ్లు చాలామంది అట్లనే వచ్చినవాళ్లు. అది వేరే కథ.

ఎర్బిల్‌ను వాళ్లు హౌలేర్ అంటారు. మొదటి రోజే అందరూ నన్ను ‘కాకా’, ‘కాకా’ అని పిలుస్తుంటే, నేనింత ముసలివాణ్ణి ఎప్పుడయ్యానా అనుకున్నాను. వాళ్ల భాషలో కాకా అంటే అన్న. నాన్, చాయ్, దోస్త్, బజార్, ఆజాదీ అన్నీ మనకు తెలిసిన మాటలే. హిందీ, ఉర్దూ అంకెలు వచ్చినవాడికి వాళ్ల లెక్క వారంలో వచ్చేస్తుంది.

నేను కబాబుల హోటల్‌లో రొట్టెల భట్టీ దగ్గర ఉండేవాణ్ణి. మా వంటింట్లో పెద్ద ఉస్తా, అంటే వంట మాస్టరు, టర్కీవాడు, గాజియాంతెప్ ఊరు. మాంసం కొట్టే ఆయన కూడా టర్కీ నుంచే వచ్చాడు గానీ కుర్దు, దియార్‌బకిర్ వాడు. ఓనర్ ఎర్బిల్ కుర్దు. దియార్‌బకిర్ కుర్దు మాట్లాడితే ఎర్బిల్ కుర్దుకు సగం అర్థమయ్యేది కాదు. ఒకరిది కుర్మాంజీ, ఇంకొకరిది సొరానీ. ఒకరు ఇంగ్లిషు అక్షరాల్లాంటి వాటితో రాస్తారు, ఇంకొకరు అరబ్బీ లిపిలో. దాంతో మాంసం ఆయన ఎక్కువగా మాట్లాడింది ఎవరితో అంటే టర్కీ ఉస్తాతోనే, అది కూడా టర్కిష్‌లో. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్లు. ఉస్తాకు షుగరు ఎక్కువైతే మందులు తెచ్చింది ఈయనే.

దియార్‌బకిర్ ఆయనకు 2007లో కూతురు పుట్టింది. పెట్టుకున్న పేరు మధ్యలో డబ్ల్యూ అక్షరం వస్తుంది. పుట్టిన తేదీ నమోదు చేసే గుమాస్తా ఆ అక్షరం మా అక్షరమాలలో లేదు, రాయను అన్నాడట. 1928లో టర్కీ కొత్త లిపి చట్టం చేసింది. అందులో క్యూ, డబ్ల్యూ, ఎక్స్ లేవు. కుర్దు భాష రాయాలంటే ఆ మూడూ కావాలి. చివరికి పాప పేరు ‘వీ’తో రాయించుకుని ఇంటికొచ్చాడు. ఒకరోజు రొట్టెల బల్ల మీద పిండి పరిచి ఉంటే వేలితో రెండు అక్షరాలూ పక్కపక్కన గీసి చూపించాడు. ‘‘ఇది మా పాప. ఇది సర్కారు పాప’’ అన్నాడు. నేను తెలుగులో రెంటికీ ‘వ’ ఒక్కటే రాస్తాం, మాకు తేడా ఉండదు అంటే, మీరు అదృష్టవంతులు అని నవ్వాడు. టర్కీలో ‘షో టీవీ’ అని పెద్ద ఛానల్ ఉంది. దాని పేరులో డబ్ల్యూ ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

మార్చి 21న వచ్చే వాళ్ల కొత్త సంవత్సరానికి కూడా ఇదే గొడవ. నౌరోజ్‌ను డబ్ల్యూతో రాస్తే కుర్దు, వీతో రాస్తే టర్కీ. కేవలం ఆ స్పెల్లింగుకు పోస్టర్లు వేసినవాళ్ల మీద కేసులు పెట్టారట. 2013లో ఆ అక్షరాల నిషేధం ఎత్తేస్తామని ప్రభుత్వం ప్రకటించి, మరుసటి ఏడాది చట్టం మార్చింది. అంతకుముందే 2009లో ప్రభుత్వమే కుర్దు భాషలో టీవీ ఛానల్ పెట్టింది. 2012లో స్కూళ్లలో కావాలంటే నేర్చుకునే సబ్జెక్టుగా కూడా తెచ్చింది. ఇవన్నీ చెప్పకపోతే అన్యాయం. కానీ టర్కిష్ తప్ప వేరే ఏ భాషనూ మాతృభాషగా నేర్పకూడదన్న మాట రాజ్యాంగం 42వ అధికరణంలో ఇంకా అట్లనే ఉంది. 1991లో లేలా జానా అనే ఎంపీ పార్లమెంటులో ప్రమాణం చేసి చివర్లో ఒక్క వాక్యం కుర్దు భాషలో చెప్పింది. టర్కీ, కుర్దు ప్రజలు అన్నదమ్ముల్లా ఉండాలనే దాని అర్థం. ఆ తర్వాత పీకేకేతో సంబంధాలున్నాయన్న కేసులో పదేళ్లు జైల్లో ఉంది.

పీకేకే చేసినవి కూడా చిన్నవి కావు. 1987లో పినార్‌జిక్ అనే పల్లె మీద పడి 30 మందిని చంపారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లూ కుర్దులే. ఆ ఊరివాళ్లు ప్రభుత్వం ఇచ్చిన తుపాకులు పట్టుకుని కాపలా కాస్తున్నారన్నది కారణం. బడి పంతుళ్లను కూడా చంపారు. మా ఉస్తా అన్న కొడుకు టర్కీలోని హక్కారీలో నిర్బంధ సైనిక సేవలో ఉండగా మందుపాతరకు చనిపోయాడు. 20 ఏళ్ల పిల్లవాడు. పెట్టె మీద జెండా కప్పిన ఫొటో ఉస్తా ఫోన్‌లో ఉండేది. ఆ ఫొటో దియార్‌బకిర్ ఆయనకు ఎప్పుడూ చూపించలేదు, నాకు చూపించాడు.

2018 జనవరి 20న టర్కీ సైన్యం సిరియాలోని ఆఫ్రీన్ మీదికి పోయింది. అక్కడ ఉండేది ఎక్కువగా కుర్దులే. దాడికి పెట్టిన పేరు మాత్రం ఆలివ్ కొమ్మ. ఆ సాయంత్రం వంటింటి టీవీలో వార్తలు వస్తుంటే ఉస్తా సౌండు పెంచాడు. దియార్‌బకిర్ ఆయన కత్తి కడిగి తుడిచి పెట్టాడు, ఏప్రాన్ విప్పి మడతపెట్టాడు, బయటికి వెళ్లిపోయాడు. ఓనర్ వచ్చి టీవీ వైరు పీకేశాడు. ‘‘ఇది హోటల్, పార్లమెంటు కాదు’’ అన్నాడు. ఆ రాత్రి మాంసం నేను కొట్టాను, బాగా రాలేదు. మర్నాడు ఇద్దరూ వచ్చారు, పని చేశారు. గది మాత్రం వేరు చేసుకున్నారు.

మా ఓనర్‌కు పీకేకే అంటే మంట. ‘‘వీళ్లు మా కొండల్లో దాక్కుంటారు, టర్కీ విమానాలు వచ్చి మా పల్లెల మీద బాంబులేస్తాయి’’ అనేవాడు. ఆయన సరుకంతా టర్కీదే. నూనె, టమాటా పేస్టు, బిస్కెట్లు, చివరికి చాయ్ గ్లాసులు కూడా ఇబ్రహీం ఖలీల్ సరిహద్దు దాటి లారీల్లో వచ్చేవి.

ఈ గొడవ నాకు నేరుగా తగిలింది 2017లో. సెప్టెంబరు 25న ఇరాక్ కుర్దులు స్వతంత్ర దేశం కావాలా వద్దా అని రెఫరెండం పెట్టుకున్నారు. 90 శాతం మించి కావాలన్నారు. ఆ రాత్రి ఊరంతా కార్ల హారన్లు, జెండాలు. టర్కీ తన గడ్డ మీదుగా పోయే చమురు పైపు కట్టేస్తానని బెదిరించింది, ఇరాన్ కూడా కోపానికి వచ్చింది. బాగ్దాద్ ప్రభుత్వం 29వ తేదీ సాయంత్రం నుంచి ఎర్బిల్, సులేమానియా విమానాశ్రయాలకు విదేశీ విమానాలు ఆపేసింది. బాగ్దాద్ నుంచి పోవచ్చు గానీ కుర్దు ప్రాంతం ఇచ్చిన వీసా అక్కడ చెల్లదు. నాకైతే ఆ వీసా కూడా సరిగ్గా లేదు. నవంబరులో మా అమ్మ పోయింది. తమ్ముడు వీడియో కాల్‌లో చూపించాడు. భట్టీ వెనకాల మూటల మీద కూర్చుని చూశాను. పక్కన ఇస్తికాన్ గ్లాసులో చాయ్ పెట్టి వెళ్లింది ఉస్తానో, దియార్‌బకిర్ ఆయనో నాకిప్పటికీ తెలియదు. మళ్లీ విమానాలు మొదలైంది 2018 మార్చిలో. ఏప్రిల్‌లో జరిమానా కట్టి ఇంటికొచ్చాను.

మళ్లీ మీ వార్తకు వస్తాను. 2025 జులై 11న ఇరాక్‌లోని సులేమానియా జిల్లాలో దుకాన్ దగ్గర ఒక గుహ ముందు 30 మంది, ఆడా మగా కలిసి, వరసగా వచ్చి తుపాకులు ఒక పెద్ద పాత్రలో వేసి నిప్పు పెట్టారు. నేను వీడియో చూశాను. మన పెళ్లిళ్లలో బగారా అన్నం వండే డేగ్సా లాంటిది. 1999 నుంచి జైల్లో ఉన్న వాళ్ల నాయకుడు ఓజలాన్ ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆయుధాలు వదిలేయమన్నాడు, మే నెలలో పార్టీ రద్దు చేస్తామన్నారు, దాని తర్వాత ఇది. 40 ఏళ్లలో 40 వేల మందికి పైగా చచ్చిపోయిన గొడవ ఇది. మీ దగ్గర చోటు లేదంటే అర్థం చేసుకుంటాను, అదే పేజీలో ఒక సినిమా నటి విహారయాత్ర ఫొటో మూడు కాలమ్‌ల వెడల్పున వచ్చింది, అదొక్కటే అర్థం కాలేదు.

ఆ గుహ సంగతి పత్రికవాళ్లు కాబట్టి మీకు నచ్చుతుందని రాస్తున్నాను. 1923లో బ్రిటిష్ విమానాలు సులేమానియా మీద బాంబులు వేస్తుంటే కుర్దు నాయకుడు షేక్ మహమూద్ మనుషులు అచ్చుయంత్రం మోసుకుపోయి ఆ గుహలోనే పెట్టుకున్నారు. అక్కడి నుంచి కుర్దు భాషలో పేపర్ నడిపారు.

దియార్‌బకిర్ ఆయనతో ఇప్పటికీ వాట్సాప్‌లో మాట్లాడతాను. ఆయన పుట్టిన పల్లెను 1990లలో సైన్యం ఖాళీ చేయించింది. అట్లా ఖాళీ అయినవి 3,428 ఊళ్లు, గూడేలు అని టర్కీ పార్లమెంటు కమిటీయే 1998లో లెక్క చెప్పింది. ఆయన కుటుంబం పట్నంలో బాగ్లార్ అనే పేటకు చేరింది. ఇక ఊరికి పోవచ్చు కదా అని మొన్న అడిగాను. వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇంటికి గోడలు మాత్రం మిగిలాయట. అక్రోటు చెట్టు ఉందట. పొలం మాత్రం పక్క ఊరి కాపలాదారు దున్నుకుంటున్నాడు, ప్రభుత్వం జీతమిచ్చి తుపాకీ ఇచ్చినవాడు, ఆయనా కుర్దే. కొండల్లో వాళ్ల తుపాకులు కాలిపోయాయి సరే, ఇతని చేతిలోది ఎవరు తీసుకుంటారు, నా పొలం ఎవరు ఇప్పిస్తారు అని నన్ను అడుగుతున్నాడు.

నాకు తెలియదు. మీ విలేకరులెవరైనా కనుక్కుని రాస్తే, ఆ పేజీ ఫొటో తీసి ఆయనకు పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, మెట్‌పల్లి, జగిత్యాల జిల్లా